మన మెషీన్‌లో పాస్, సీఐలో ఫెయిల్: ఎన్విరాన్‌మెంట్ వల్ల పడిపోయే టెస్టుల్ని బాగుచేయడం ఎలా

సీఐలో, అంటే కోడ్ మార్చినప్పుడల్లా టెస్టుల్ని దానంతటదే నడిపే వ్యవస్థలో, టెస్ట్ ఫెయిలవగానే చెయ్యి రీరన్ బటన్ మీదికి వెళ్తుంది. ఈసారికి ఆపండి. రీరన్ నొక్కితే పని ఇంకో రన్నర్ (టెస్టుల్ని నడిపే మెషీన్) మీద పడొచ్చు, అక్కడ పాసైపోవచ్చు, మీరు మెర్జ్ చేసేసి వేరే పనిలోకి దిగొచ్చు. ఈలోపు ఆ టెస్ట్ ఎందుకు పడిందో చెప్పగలిగిన మెషీన్ కాస్తా మాయమవుతుంది. సీఐ రన్నర్లు చాలావరకు పని కాగానే తుడిచేసేవే.

"అది ఎన్విరాన్‌మెంట్ ప్రాబ్లం" అని ఎవరైనా అంటే, కారణం ఇంకా వెతకలేదని అర్థం చేసుకోవాలి. ఏ టెస్ట్‌కైనా మనం చేతులారా ఇచ్చే ఇన్‌పుట్‌లు కొన్ని ఉంటాయి. మనం ఇవ్వకుండానే లోపలికి వెళ్లిపోయేవి ఇంకొన్ని ఉంటాయి: గడియారం, టైమ్‌జోన్, లొకేల్ (భాష, ప్రాంతాల సెట్టింగ్), రన్ చేస్తున్న యూజర్, కోర్ల సంఖ్య, డైరెక్టరీలో ఫైళ్లు కనిపించే వరస. రెండు మెషీన్లలో ఫలితం తేడాగా వచ్చిందంటే ఈ రెండో రకంలో ఏదో ఒకటి తేడాగా ఉంది. దాన్ని పట్టుకుని, బయటకు తీసి, టెస్ట్‌లోనో కోడ్‌లోనో అందరికీ కనపడేలా రాయడమే మనం చేయాల్సిన పని.

మొదట ఆధారాలు దాచుకోండి

ఫెయిలైన రన్ లాగ్ మొత్తం దించుకోండి, చివరి 20 లైన్లు సరిపోవు. దాంతోపాటు కమిట్ (కోడ్‌లో సేవ్ చేసిన ఒక మార్పు), రన్ మొదలైన సమయం, ఏ ఇమేజ్ (సిస్టమ్, టూల్స్ అన్నీ ముందే సర్ది పెట్టిన కట్ట) మీద నడిచింది, రన్నర్ వెర్షన్ ఏంటి, ప్రాసెస్ ఏ ఎగ్జిట్ కోడ్‌తో ఆగింది అనేవి రాసి పెట్టుకోండి. ఎగ్జిట్ కోడ్‌ని చాలామంది పట్టించుకోరు. అక్కడ 137 కనిపిస్తే అది 128కి 9 కలిపిన సంఖ్య. అంటే 9వ నంబరు సిగ్నల్‌తో బయటి నుంచి ఎవరో ప్రాసెస్‌ని చంపేశారు. ఎక్కువసార్లు అది మెమరీ అయిపోవడమే. ఆ ఒక్క సంఖ్య చూసుకోక, అసర్షన్ల (టెస్ట్‌లో రాసిన తనిఖీల) చుట్టూ రెండు రోజులు తిరిగినవాళ్లున్నారు.

తర్వాత నిజంగా ఇది ఎన్విరాన్‌మెంట్ తేడాయేనా అని తేల్చుకోవాలి. దీనికి నాకు అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది. వారం కిందట సీఐలో శుభ్రంగా పాసైన పాత కమిట్‌ని ఈరోజు అదే సీఐలో మళ్లీ రన్ చేయండి. అది కూడా ఇప్పుడు ఫెయిలైతే మీ కొత్త కోడ్ తప్పేమీ లేదు, కింద నేల కదిలింది. ఇమేజ్ మారి ఉండాలి, వెర్షన్ లాక్ చేయని డిపెండెన్సీ (మన కోడ్ వాడుకునే బయటి లైబ్రరీ) ఏదో కొత్త వెర్షన్‌కి వెళ్లి ఉండాలి, లేదా టెస్టుల్లో వాడే సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉండాలి. 2021 సెప్టెంబరు 30న, వెబ్‌సైట్లకు సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వాడుతూ వచ్చిన పాత రూట్ సర్టిఫికెట్ గడువు ముగిసినప్పుడు, పాత లైబ్రరీలున్న ఇమేజీల్లో కోడ్ ఏమీ మారకుండానే కనెక్షన్లు తెగిపోయాయి.

పాత కమిట్ పాసై, కొత్తది మాత్రమే ఫెయిలైతే అప్పుడు ఆ టెస్ట్ ఒక్కదాన్నే సీఐలో రన్ చేయండి. ఒంటరిగా పాసై, మొత్తం సూట్‌లో ఫెయిలైతే దానికంటే ముందు నడిచిన ఇంకో టెస్ట్ ఏదో వదిలేసి పోయిందన్నమాట: ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, ఒక టెంపరరీ ఫైల్, డేటాబేస్‌లో ఒక రికార్డు. ముందు నడిచిన టెస్టుల లిస్టుని సగానికి చేసి, ఏ సగంతో కలిపి రన్ చేస్తే పడుతుందో చూడండి. మళ్లీ సగం, మళ్లీ సగం. వెయ్యి టెస్టులున్నా పది రన్‌లలో దోషి దొరుకుతుంది.

రెండు మెషీన్ల తేడా కాగితం మీద పెట్టండి

ఊహలు ఇక్కడితో ఆపి, రెండుచోట్లా ఒకే చిన్న స్క్రిప్ట్ నడపండి. ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, ప్రాసెసర్ ఆర్కిటెక్చర్, లాంగ్వేజ్ రన్‌టైమ్ వెర్షన్, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల లిస్టు, టైమ్‌జోన్, లొకేల్, కోర్ల సంఖ్య, మెమరీ, ఖాళీ డిస్క్, ఒకేసారి తెరవగల ఫైళ్ల పరిమితి, ఏ యూజర్‌గా నడుస్తోంది, ప్రస్తుత డైరెక్టరీ, టెర్మినల్ ఉందా లేదా. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పేర్లు కూడా కావాలి. కానీ పేర్లే చాలు, విలువలు ప్రింట్ చేయొద్దు. పాస్‌వర్డులు, టోకెన్లు లాగ్‌లోకి పోతే ఇంతకంటే పెద్ద తలనొప్పి.

ఈ స్క్రిప్ట్‌ని సీఐ పైప్‌లైన్‌లో మొదటి స్టెప్‌గా శాశ్వతంగా ఉంచేయండి. రన్ అవడానికి ఒక సెకను పట్టదు. పాసైన రన్‌లో ఏముందో, ఫెయిలైన రన్‌లో ఏముందో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

తేడాలు చేతికొచ్చాక మీ మెషీన్‌ని సీఐలా మార్చుకుంటూ రండి, ఒకసారికి ఒక్క తేడానే. టైమ్‌జోన్ మార్చి రన్ చేయండి. పాసైతే దాన్ని వెనక్కి పెట్టి, లొకేల్ మార్చండి. తర్వాత యూజర్‌ని, ఆ తర్వాత కోర్లను. మీ దగ్గర ఫెయిలయ్యే దాకా ఇలాగే. రెండు మూడు కలిపి మార్చేస్తే ఎర్రబడిన సంగతి తెలుస్తుంది కానీ ఏది ఎర్రబరిచిందో తెలియదు. సీఐ వాడే ఇమేజ్‌నే మీ దగ్గర కంటైనర్‌గా (మీ మెషీన్‌లోనే విడిగా నడిచే చిన్న వాతావరణంగా) తెచ్చుకోగలిగితే ఈ పని సగం అయిపోయినట్టే.

ఫెయిల్యూర్‌ని ముందు మీ దగ్గర మళ్లీ రప్పించనిదే ఫిక్స్ రాయకండి. అలా రాసినది పనిచేసిందో, ఆ రోజు అదృష్టం బాగుందో మీకే తెలియదు.

గడియారం, టైమ్‌జోన్

అనుమానితుల్లో మొదట దీన్నే అడగాలి. సీఐ మెషీన్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మన మెషీన్లు మన సమయంలో ఉంటాయి.

నేను పనిచేసిన ఒక టీమ్‌లో ఒక టెస్ట్ సీఐలో ఎప్పుడూ పాసే. ఒక్క సహోద్యోగి మెషీన్‌లో మాత్రం అప్పుడప్పుడు పడేది. ఆమె తెల్లవారకముందే పనిలో కూర్చునేది. మేము ఆమె సెటప్ బాగాలేదనుకుని మొత్తం తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయించాం. అయినా పడింది. టెస్ట్ చేసేదల్లా ఇప్పుడొక ఆర్డర్ పెట్టి, అది ఈరోజు రిపోర్టులో కనిపిస్తోందా అని చూడటం. ఆర్డర్ తేదీ యూటీసీలో సేవ్ అవుతోంది, రిపోర్టు మాత్రం లోకల్ తేదీతో వెతుకుతోంది. మేమున్నది యూటీసీ కంటే గంటలు ముందుండే చోట. కాబట్టి తెల్లవారుజామున మాకు తేదీ మారిపోయినా, యూటీసీలో ఇంకా నిన్నే నడుస్తోంది. సీఐలో రెండూ యూటీసీయే కనుక తప్పు బయటపడే అవకాశమే లేదు. కస్టమర్ల రిపోర్టుల్లోంచి కూడా ఆ వేళప్పటి ఆర్డర్లు జారిపోతూనే ఉన్నాయి. పాడైందని మేము పక్కన పెట్టిన మెషీనే నిజం చెప్పింది. అప్పటినుంచి ఒక మెషీన్‌లోనే ఫెయిలవుతోంది అని ఎవరైనా అంటే, తప్పు ఆ మెషీన్‌దేనని తేల్చేయడానికి నాకు మనసొప్పదు.

ఇలాంటివి పట్టుకోవడానికి, టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చి సూట్‌ని కనీసం రెండుసార్లు నడపండి. ఒకటి యూటీసీకి 14 గంటలు ముందుండే కిరిటిమటి, రెండోది వెనకుండే, ఏడాదికి రెండుసార్లు గడియారం జరిపే లాస్ ఏంజెలిస్. ఒక జాగ్రత్త: చిన్న బేస్ ఇమేజీల్లో కొన్నింట్లో టైమ్‌జోన్ డేటా ప్యాకేజీ ఉండదు. అప్పుడు మీరిచ్చిన జోన్ పేరు దొరక్క సిస్టమ్ చప్పుడు చేయకుండా యూటీసీనే వాడేస్తుంది. తేదీ కమాండ్ నడిపి, జోన్ నిజంగా మారిందో లేదో చూసుకున్నాకే ఫలితాన్ని నమ్మండి.

అసలు పరిష్కారం మాత్రం కోడ్‌లో ఉంటుంది. ఇప్పుడు టైమెంత అని కోడ్ నేరుగా సిస్టమ్‌ని అడగకుండా, గడియారాన్ని బయటి నుంచి ఇవ్వండి. జావాలో 2014లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి క్లాక్ అనే క్లాస్ దీనికోసమే ఉంది. టెస్ట్‌లో ఆగిపోయిన గడియారం ఇస్తారు, ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే అసలు సిస్టమ్‌లో) నడిచేది ఇస్తారు. నెలాఖరు, ఫిబ్రవరి 29, గడియారం జరిపే రాత్రి, అన్నీ మీకు కావాల్సినప్పుడు మీ చేతిలో ఉంటాయి.

కంటికి ఒకేలా కనిపించే రెండు స్ట్రింగులు

బేస్ ఇమేజ్‌లో జావా 17 నుంచి 21కి మారారనుకుందాం. ఒక టెస్ట్ ఫెయిలైంది. రావాల్సింది "10:30 ఏఎం", వచ్చింది "10:30 ఏఎం" అంటుంది లాగ్. అక్షరం తేడా లేదు. ఎన్నిసార్లు చూసినా ఒకటే. ఇలాంటప్పుడు కళ్లను నమ్మకుండా, రెండు స్ట్రింగుల బైట్లను హెక్స్‌లో ప్రింట్ చేయండి. పాతదాంట్లో సున్నాకీ ఏఎంకీ మధ్య 20 అనే ఒక్క బైట్ ఉంటుంది, అది మామూలు స్పేస్. కొత్తదాంట్లో అదే చోట ఈ2, 80, ఏఎఫ్ అని మూడు బైట్లుంటాయి. అది యూనికోడ్‌లో 202ఎఫ్ నంబరున్న, లైన్ విరగనివ్వని సన్నని స్పేస్.

ఇదెక్కడి నుంచి వచ్చిందంటే, తేదీలూ సమయాలూ ఏ భాషలో ఎలా రాయాలో చెప్పే సీఎల్‌డీఆర్ అనే డేటా 42వ వెర్షన్‌లో ఇంగ్లీష్ సమయాలకు ఆ స్పేస్ పెట్టారు. ఆ డేటా 2023లో జావా 20లోకి వచ్చింది. మీ కోడ్ మారలేదు, మీ టెస్ట్ మారలేదు, కింద ఉన్న డేటా మారింది.

ఇక్కడ చాలామంది కొత్త స్పేస్‌ని కాపీ చేసి టెస్ట్‌లో పేస్ట్ చేసేస్తారు. టెస్ట్ పచ్చబడుతుంది, సమస్య అక్కడే ఉంటుంది. ముందు ఆ టెస్ట్ ఎందుకు రాశారో అడగండి. సమయం సరిగ్గా లెక్కేశామా అని చూడటానికే అయితే స్ట్రింగుల్ని పోల్చాల్సిన పని లేదు, సమయాన్ని సమయంగానే పోల్చండి. ఆ స్ట్రింగ్ ఇంకో సిస్టమ్ చదువుకునే ఫైల్‌లోకి వెళ్తుంటే మాత్రం ఆగండి. అవతలివాళ్లు మామూలు స్పేస్ కోసం చూస్తుంటే రేపు వాళ్ల దగ్గర పగిలిపోతుంది. అక్కడ భాషను బట్టి మారే ఫార్మాట్ వాడటమే తప్పు. కోడ్‌లో ప్యాటర్న్ స్పష్టంగా రాసేయాలి.

లొకేల్ వల్ల వచ్చే ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. టర్కిష్ లొకేల్‌లో ఇంగ్లీష్ పెద్ద ఐ అక్షరాన్ని చిన్నదిగా మారిస్తే చుక్క లేని ఐ వస్తుంది. కాబట్టి కీవర్డులను, ఫైల్ పేర్లను చిన్న అక్షరాల్లోకి మార్చేటప్పుడు లొకేల్‌తో సంబంధం లేని పద్ధతి వాడాలి. జావా 18కి ముందు, ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఏమీ చెప్పకుండా ఫైల్ చదివితే అది సిస్టమ్ సెట్టింగ్‌ని బట్టి పోయేది. కంటైనర్‌లో లొకేల్ ఏమీ పెట్టకపోతే తెలుగు అక్షరాలు పోయి వాటి చోట పనికిరాని గుర్తులు వచ్చేవి. 18 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్ట్ అయింది. అయినా ఎన్‌కోడింగ్ ఎప్పుడూ మీరే చెప్పండి, ఎక్కడ నడుస్తుందో మీకు తెలియదు కదా.

రూట్ యూజర్

"పర్మిషన్ లేని ఫైల్ ఇస్తే మా కోడ్ సరైన ఎర్రర్ ఇస్తుందా" అనే టెస్ట్ రాసి, ఫైల్ పర్మిషన్లన్నీ తీసేసి రన్ చేస్తారు. మీ మెషీన్‌లో పాస్. కంటైనర్‌లో ఫెయిల్, ఎర్రరే రాలేదంటుంది. కంటైనర్‌లో డిఫాల్ట్‌గా మీరు రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్. రూట్‌కి ఆ పర్మిషన్లు అడ్డు రావు, ఫైల్ హాయిగా తెరుచుకుంటుంది. "రూట్ అయితే స్కిప్" అని రాయడం సులువు. కానీ సీఐలో ఎప్పుడూ రూటే అయితే ఆ టెస్ట్ ఇక ఎప్పటికీ నడవదు. ఇమేజ్‌లో మామూలు యూజర్‌ని సృష్టించి టెస్టుల్ని వాళ్ల పేరు మీద నడపండి.

డేటాబేస్ లేచిందా, నిజంగా లేచిందా

కొన్ని కంటైనర్లను కలిపి నడిపే డాకర్ కంపోజ్‌లో ఈ సర్వీస్ ఆ సర్వీస్ మీద ఆధారపడుతుంది అని రాస్తే, డిఫాల్ట్‌గా దానర్థం ఆ కంటైనర్ మొదలయ్యేదాకా ఆగమని మాత్రమే. లోపలున్న డేటాబేస్ కనెక్షన్లు తీసుకునే స్థితికి వచ్చిందా అన్నది అది చూడదు. హెల్త్‌చెక్ (సర్వీస్ సిద్ధంగా ఉందా అని అడిగే కమాండ్) పెట్టి, హెల్తీ అయ్యాకే ముందుకెళ్లమని షరతు రాయాలి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అఫీషియల్ ఇమేజ్‌తో ఇంకో మెలిక ఉంది. ఖాళీ డేటా డైరెక్టరీతో మొదటిసారి లేచినప్పుడు అది ముందు ఒక తాత్కాలిక సర్వర్‌ని నడిపి, మీ ఇనిషియలైజేషన్ స్క్రిప్టులు పూర్తిచేసి, దాన్ని ఆపి, అప్పుడు అసలు సర్వర్‌ని మొదలుపెడుతుంది. ఆ తాత్కాలిక సర్వర్ యూనిక్స్ సాకెట్ (ఆ కంటైనర్ లోపలే పనిచేసే దారి) మీద మాత్రమే వింటుంది. మీ హెల్త్‌చెక్ కంటైనర్ లోపల సాకెట్ ద్వారా అడిగితే "రెడీ" అనేస్తుంది. టెస్టులు మొదలవుతాయి, సర్వర్ ఆగిపోతుంది, కనెక్షన్ దొరకదు. హెల్త్‌చెక్‌లో హోస్ట్‌గా 127.0.0.1 ఇచ్చి టీసీపీ (నెట్‌వర్క్ దారి) ద్వారా అడిగించండి, ఈ గోల ఉండదు.

పది సెకన్లు స్లీప్ పెట్టడం మాత్రం వద్దు. ఖాళీగా ఉన్న రన్నర్‌లో తొమ్మిది సెకన్లు వృథా, రద్దీగా ఉన్న రన్నర్‌లో పదీ చాలవు. సిద్ధమైందా అని కొద్ది కొద్ది సేపటికి అడుగుతూ, గరిష్ఠంగా ఇంతసేపు అని గడువు పెట్టుకోండి. ఇది డేటాబేస్‌కే కాదు, స్క్రీన్ మీద బటన్ రావడానికీ, క్యూలో మెసేజ్ పడటానికీ అంతే. అపాచీ ప్రాజెక్టుల్లో నిలకడ లేని టెస్టుల్ని సరిచేసిన 201 కమిట్లను 2014లో ఒక పరిశోధన పరిశీలించింది. అందులో కారణం తేలినవాటిలో దాదాపు 45 శాతం ఇలా సరిగ్గా వేచి ఉండకపోవడం వల్ల వచ్చినవే. మీ మెషీన్ వేగంగా ఉండి ఇది బయటపడకపోతే, కంటైనర్‌కి అర కోరు మాత్రమే ఇచ్చి టెస్ట్ నడపండి. చాలా వరకు వెంటనే పడిపోతుంది.

ఫలితాల వరస కూడా డేటాబేస్ దగ్గర దెబ్బ కొడుతుంది. ఆర్డర్ బై రాయకపోతే ఏ వరసకీ గ్యారంటీ లేదు. రాసినా, అక్షరాల వరస ఇమేజ్‌ని బట్టి మారొచ్చు. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్‌లో ఉండే మజిల్ లైబ్రరీ, డెబియన్ లినక్స్‌లో ఉండే జీలిబ్‌సీ లైబ్రరీ పదాల్ని ఒకేలా వరసపెట్టవు. జీలిబ్‌సీలోనే 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌తో వరస మారింది. టెస్టుల్లో ప్రొడక్షన్‌లో వాడే ఇమేజ్‌నే వాడండి. వరస ముఖ్యం కాని చోట వరస పట్టించుకోకుండా పోల్చండి.

మిగతావి త్వరగా

పోర్టు: టెస్ట్ సర్వర్‌కి స్థిరమైన పోర్టు ఇవ్వకండి. 0 ఇస్తే ఖాళీగా ఉన్నదాన్ని ఆపరేటింగ్ సిస్టమే ఇస్తుంది. మ్యాక్‌లో 5000 పోర్టు దొరకడం లేదంటే, 2021లో వచ్చిన మాంటెరే నుంచి ఎయిర్‌ప్లే రిసీవర్ దాన్ని పట్టుకుని కూర్చుంటోందేమో చూడండి. లోకల్‌హోస్ట్ అని రాస్తే అది ఐపీవీ6 చిరునామాగా తేలొచ్చు. నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే రన్‌టైమ్) 17 నుంచి ఐపీవీ4కి ముందు వరస ఇవ్వడం మానేశారు. సర్వర్ 127.0.0.1 మీద మాత్రమే వింటుంటే కనెక్షన్ దొరకదు.

ఫైల్ పేర్లు: మ్యాక్, విండోస్‌లు మామూలుగా పెద్ద చిన్న అక్షరాల తేడా చూడవు, లినక్స్ చూస్తుంది. ఇంపోర్ట్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా మీ దగ్గర నడుస్తుంది, సీఐలో పడుతుంది. విండోస్‌లో లైన్ చివరలు మారిపోతుంటే, గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఒక్కసారి రాసి రెపోలో (ప్రాజెక్టు కోడ్ అంతా ఉండే చోట) పెట్టండి. ఒక్కొక్కరి మెషీన్‌లో సెట్టింగులు మార్చమని అడగడం ఎప్పటికీ తెగని పని.

బ్రౌజర్ టెస్టులు: కంటైనర్‌లో క్రోమ్ ఉన్నట్టుండి కూలిపోతోందా? డాకర్ డిఫాల్ట్‌గా ఇచ్చే షేర్డ్ మెమరీ 64 ఎంబీ మాత్రమే, పెంచండి. స్క్రీన్‌షాట్ పోల్చే టెస్టుల్ని ఎప్పుడూ ఒకే ఇమేజ్‌లో నడపండి. ఫాంట్లు మారితే పిక్సెల్స్ మారతాయి, దానికి వేరే మందు లేదు.

గిట్: వెర్షన్ నంబరుని ట్యాగుల నుంచి తీసుకునే టెస్ట్ సీఐలో పడితే, సీఐ చివరి ఒక్క కమిట్‌నే తెచ్చుకుంటోందేమో చూడండి.

నెట్‌వర్క్: యూనిట్ టెస్టుల్ని నెట్‌వర్క్ పూర్తిగా తీసేసిన కంటైనర్‌లో ఒకసారి నడపండి. బయటి సర్వర్‌తో ఎవరికీ తెలియకుండా మాట్లాడుతున్నవన్నీ ఆ ఒక్క రన్‌లో బయటపడతాయి.

ఫిక్స్ ఎక్కడ పెట్టాలి

కారణం దొరికాక తొందరపడి సీఐ కాన్ఫిగరేషన్‌లో ఒక లైన్ చేర్చి ముగించకండి. యూజర్ల దగ్గర కూడా ఈ తేడా రాగలదా అని అడగండి. రాగలిగితే అది ప్రొడక్ట్ బగ్. కోడ్ మార్చాలి, దాన్ని పట్టిచ్చిన టెస్ట్‌కి థ్యాంక్స్ చెప్పాలి. పైన చెప్పిన రిపోర్టు సంగతి అలాంటిదే. సీఐ టైమ్‌జోన్ మార్చి ఊరుకుంటే మేము బగ్‌ని ఇంకా లోతుగా పాతిపెట్టినవాళ్లం అయ్యేవాళ్లం. కోడ్ సరిగ్గానే ఉండి, టెస్టే లేనిపోని దాని మీద ఆధారపడితే టెస్ట్‌ని మార్చండి. ఈ రెండూ కానప్పుడే, అంటే మెమరీ చాలకపోవడం, ప్యాకేజీ లేకపోవడం లాంటివైతేనే ఎన్విరాన్‌మెంట్‌ని మార్చండి. మార్చింది కూడా ఇమేజ్ నిర్వచనంలో, రెపోలో ఉండాలి. ఎవరో రన్నర్‌లోకి లాగిన్ అయి చేత్తో సరిచేసింది, ఆ రన్నర్ మారిన రోజున పోతుంది.

ఆటోమేటిక్ రీట్రై గురించి ఒక మాట. గూగుల్ 2016లో తమ టెస్టుల్లో దాదాపు 16 శాతం ఎంతో కొంత నిలకడ లేనివేనని చెప్పింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు, మీకూ రీట్రై అవసరపడొచ్చు. పెట్టుకోండి, కానీ రెండో ప్రయత్నంలో పాసైన ప్రతి టెస్ట్ పేరూ ఎక్కడో నమోదు కావాలి. పక్కన పెట్టిన టెస్ట్‌కి చూసుకునేవాళ్ల పేరు, గడువు తేదీ ఉండాలి. ఆ రెండూ లేకుండా స్కిప్ చేసిన టెస్ట్ మళ్లీ తిరిగి రావడం నేను చాలా అరుదుగా చూశాను.

మళ్లీ రాకుండా

"లేటెస్ట్" అనే ట్యాగ్ ఎక్కడున్నా తీసేయండి. గిట్‌హబ్ యాక్షన్స్ అనే సీఐ సర్వీసులో ఉబుంటు లేటెస్ట్ అనే లేబుల్ 2024 డిసెంబరు, 2025 జనవరి నెలల్లో 22.04 నుంచి 24.04కి జరిగినప్పుడు, ఎవరూ ఏమీ ముట్టుకోని బిల్డులు పడ్డాయి. వెర్షన్ స్పష్టంగా రాయండి. ఇమేజీలకైతే డైజెస్ట్ (సరిగ్గా ఆ ఒక్క ఇమేజ్‌నే సూచించే గుర్తు) కూడా ఇవ్వండి. డిపెండెన్సీలకు లాక్ ఫైల్ ఉండాలి, సీఐ దాన్ని మార్చకుండా అందులో ఉన్నది ఉన్నట్టు ఇన్‌స్టాల్ చేయాలి. అప్‌గ్రేడ్‌లు మానేయమని కాదు. ఒక కమిట్‌గా, ఒక పేరుతో, ఒక రోజున చేయండి. పడితే ఎందుకు పడిందో ఆ కమిటే చెప్తుంది.

రోజూ రాత్రి ఒక రన్ పెట్టండి. అందులో టైమ్‌జోన్, లొకేల్, టెస్టుల వరస మూడూ కావాలనే మార్చండి. జావా 7లో మెథడ్లు వచ్చే వరస మారినప్పుడు, ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ జేయూనిట్ టెస్టులు ఎక్కడికక్కడ బయటపడ్డాయి. అలాంటిదేదో అనుకోకుండా వచ్చి మీద పడేదాకా ఆగడం కంటే మీరే వెతుక్కోవడం మేలు. వరసకు వాడిన సీడ్ నంబరు (అదే ఇస్తే మళ్లీ అదే వరస వచ్చే సంఖ్య), ఎంచుకున్న జోన్, లొకేల్ లాగ్‌లో మొదటి లైన్‌లోనే ప్రింట్ అవ్వాలి. పొద్దున్నే వచ్చి ఆ మూడూ కాపీ చేసుకుంటే, రాత్రి పడిన టెస్ట్ మీ మెషీన్‌లో మీ కళ్ల ముందే మళ్లీ పడాలి.